మూట మీద చోటు

పోయిన నెల మా పేటలో పిల్లల కోసం ఒక చదువుకునే గది తెరిచారు. రేకుల కప్పు, కొన్ని బల్లలు, గోడ పొడవునా అల్మారాలు. అందులోని పుస్తకాలు చాలావరకు నేనిచ్చినవే. అందుకని నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో దండ వేసి, మైకు చేతికిచ్చారు. ముందు వరసలో ఒక పాప లేచి అడిగింది.

"అంకల్, నువ్వు ఇన్ని రకాల పుస్తకాలు ఎట్ల చదివితివి? మాకైతే కతల పుస్తకం తప్ప ఇంకేదీ పట్టుకోబుద్ది కాదు."

నేను గొంతు సవరించుకున్నాను. మా నాయన నాకు చిన్నప్పుడే పుస్తకాల రుచి చూపించాడని, కొత్త సంగతి తెలుసుకోవాలనే ఆశ నాకు పుట్టుకతోనే ఉండేదని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక గోడకానుకుని నిలబడిన మా తమ్ముడు కూడా కొట్టాడు. మా చిన్నమ్మ కొడుకు. చిన్నతనం నుంచీ జీన్స్ గుడ్డల మధ్యే బతికినవాడు. అతని గోళ్ల సందుల్లో నీలిరంగు ఇప్పటికీ పోలేదు. ఆ చేతులు నాకోసం చప్పట్లు కొడుతుంటే, నేను చెప్పిందంతా నోట్లో చేదుగా తగిలింది.

మా నాయన నాకు ఏ పుస్తకమూ చూపించలేదు. పుట్టుకతో వచ్చిన ఆశ కూడా ఏమీ లేదు. నన్ను చదివించింది కుళ్లు. మా తమ్ముడి మీద కుళ్లు. ఆ సంగతి ఉన్నదున్నట్టు రాసిపెట్టాలని ఇప్పుడు కూర్చున్నాను.

మా ఇల్లు కంటోన్మెంట్‌కు పోయే దారిలో ఒక ఇరుకు సందులో ఉండేది. అప్పుడప్పుడే బళ్లారిలో జీన్స్ ప్యాంట్లు కుట్టే పని ఇంటింటికీ పాకుతోంది. మగవాళ్లు మిషన్ల మీద కుట్టేవాళ్లు. కుట్టినవాటిని గోనెపట్టాల్లో మూటలు కట్టి ఇళ్లకు పంపితే, కుట్ల చివర వేలాడే దారాలు కత్తిరించడం ఆడవాళ్ల పని. మధ్యాహ్నం అన్నాలయ్యాక మా పడసాలలో, అంటే వీధి తలుపు తీయగానే ఉండే పెద్ద గదిలో, మా అవ్వ, అమ్మ, మేం ఖాలా అని వరస కలిపి పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ గుండ్రంగా కూర్చునేవాళ్లు. చిన్న కత్తెర్లు టిక్కుటిక్కుమనేవి. కొత్త గుడ్డ వాసన, గంజి వాసన, నీలిరంగు వాసన కలిసి గది నిండా ముక్కు పట్టేసేవి. వాళ్ల వేళ్లు ఎప్పుడూ నీలంగానే ఉండేవి. ఎంత కడుక్కున్నా అమ్మ తట్టిన జొన్నరొట్టె అంచున ఆ రంగు జాడ కనిపించేది. "కృష్ణుని రొట్టెప్పా, తిను, పుణ్యమొస్తాది" అని అవ్వ నవ్వేది. 

చేతులకూ కళ్లకూ పని ఉంది, చెవులకు లేదు. ఆ చెవుల కోసం మా సందులో ఒక అలవాటు పుట్టింది. ఇంట్లో చదవడం వచ్చిన పిల్లవాడు ఒకడు పైకి చదవాలి. చదివేవాడు కత్తెర పట్టనక్కర్లేదు. ఇంకా విప్పని మూట మీద ఎత్తుగా కూర్చోవచ్చు. సాయంత్రం బొరుగులు నానబెట్టి ఉగ్గాని కలిపితే మొదటి ప్లేటు వాడిదే, బాండ్లిలోంచి తీసిన బజ్జీల్లో పెద్దది వాడిదే. మా ఇంట్లో ఆ మూట నాది.

నేను చదివేది ఒకే రకం. హత్యలు, దొంగలు, టోపీ పెట్టుకున్న డిటెక్టివులు. అద్దె పుస్తకాల అంగట్లో అవే తెచ్చేవాణ్ని. చంపినవాడెవరో తేలే చోటికి రాగానే పుస్తకం మూసి, నీళ్లు తాగొస్తానని లేచేవాణ్ని.

"కూసో లే, సచ్చినోడా! ఎవడు చంపినాడో చెప్పి పో!" అని అవ్వ కత్తెర చూపించేది.

"ఉండనీ అవ్వా, వీడే చంపినాడేమో, మొగం చూడు" అనేది ఖాలా. నేను ఆమె జడకొసను దారంతో మూటకు కట్టేసి ఉండేవాణ్ని. ఆమె లేచినప్పుడు గానీ తెలిసేది కాదు. వాళ్లు నన్ను తిట్టే తిట్లు నాకు బజ్జీల కంటే రుచి.

ఆ ఎండాకాలం హగరి నుంచి మా చిన్నమ్మ, ఆమె కొడుకు మా ఇంటికి వచ్చేశారు. చిన్నాయన హగరిలో వ్యవసాయ క్షేత్రంలో కూలిపని చేసేవాడు. సెలవు రోజుల్లో ఊళ్లో రైతుల పనికి పోయేవాడు. ఒకరింట్లో జొన్నల పాతర తెరిచారు. భూమిలో బావిలాగా తవ్వి, జొన్నలు పోసి, పైన రాయి పెట్టి మట్టి మెత్తి మూసేసే గుంత అది. రాయి పక్కకు జరపగానే చిన్నాయన గంప పట్టుకుని లోపలికి దిగాడు. లోపల గాలి చెడిపోయి ఉంది. ఊపిరాడక అక్కడే పడిపోయాడు. పైకి తీసేసరికి ప్రాణం లేదు.

తమ్ముడు నాకన్నా ఏడాది చిన్న. వెంట తెచ్చుకున్న గుడ్డసంచిలో రెండు జతల బట్టలు, పాత పేపరుతో అట్ట వేసిన ఒక పుస్తకం ఉన్నాయి. వాడు కన్నడ బడిలో చదివాడు, నేను తెలుగు బడిలో. ఇంట్లో అందరిదీ ఒకే మాట, బడికి పోతే ఒక్కొక్కరిది ఒక్కో రాత. మా దగ్గర చాలా ఇళ్లు అంతే.

"పిల్లోన్ని ఏం చేద్దాం? బడికా, పనికా?" అని నాయన అడిగాడు.

"ఎండాకాలం పోనీప్పా, చూద్దాం" అంది అవ్వ.

చిన్నమ్మ గోడవారన కూర్చుని ఉండేది. కత్తెర ఇస్తే ఒళ్లో పెట్టుకుని దాన్నే చూసేది. ఒక్క దారం కత్తిరించేది కాదు.

ఒకరోజు మామిడికాయ ముక్కలు ఉప్పుకారంతో మితిమీరి తిని నాకు గొంతు పోయింది. అవ్వ తమ్ముడి వైపు తిరిగింది.

"నీకు చదవను వచ్చునా అప్పా?"

"కన్నడ వస్తాదవ్వా."

"కన్నడ ఓదితే నాకు సగమే తెలుస్తాది బేటా" అంది ఖాలా.

"కన్నడం చూసి తెలుగులో చెప్తా."

వాడు పేపరట్ట పుస్తకం తెరిచి, నేలమీదే కూర్చుని, పేజీ మీద కళ్లు పెట్టి మొదలుపెట్టాడు. ఒక ఊళ్లో కరువొచ్చింది. ఒకామె చేలో మంచె మీద నిలబడి పిట్టల్ని తోలుతోంది. ఆమె మొగుడు జొన్నల కోసం పాతరలోకి దిగాడు. అడుగున చూస్తే ఒక దారి ఉంది. ఆ దారి వెంట పోతే పురుగుల ఊరు. ఆ ఊరికి ఒక రాజు, ముక్కు పొడుగాటి పురుగు, ఊరి జొన్నలన్నీ తనవేనంటాడు. ఈ మనిషి రాజుతో వాదం పెట్టుకున్నాడు. పైనుంచి పెళ్లాం ఒడిసెల తిప్పుతూ వేసే కేకలు అతనికి వినిపిస్తూనే ఉన్నాయి.

కత్తెర్ల చప్పుడు తగ్గింది. తర్వాత ఆగింది.

"పైకొచ్చినాడా?" అంది ఖాలా.

"ఇంగా రాలేదు. పొద్దుండాది లే" అని వాడు పుస్తకం మూశాడు.

మరుసటి రోజు నా గొంతు బాగైంది. పుస్తకం పట్టుకుని మూట ఎక్కాను. అవ్వ నా మోకాలి మీద తట్టింది. "దిగప్పా, వాన్ని కూసోనీ. ఆ మనిషి సంగతి తేలనీ."

దిగాను. వాడు మూట మీద కూర్చున్నాడు. వాడి కాళ్లు నేలకు అందలేదు, గాలిలో ఆడుతున్నాయి. ఆ ఆడే కాళ్లను చూస్తే నాకు కడుపులో బజ్జీలు కాలినట్టు కాలింది. ఆ రోజు మొదటి ప్లేటు వాడికి పోయింది. నాకు అవ్వ కత్తెర ఇచ్చింది.

ఇంకోటి కూడా జరిగింది. అప్పుడు నేను లెక్కచేయలేదు. వాడు చెబుతుంటే చిన్నమ్మ ఒళ్లో ఉన్న కత్తెర చేతిలోకి తీసుకుంది. ఒక దారం కత్తిరించింది. తర్వాత ఇంకొకటి. అమ్మ, అవ్వ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు మాత్రం మూట తప్ప ఏమీ కనబడలేదు.

నేను అద్దె పుస్తకాల అంగడికి పరిగెత్తాను. "తాతా, డిటెక్టివు వద్దు. అందరూ నోరు తెరుచుకుని వినేది ఇయ్యి" అన్నాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకుని, "నోరు తెరిచేదంటే దయ్యాలదే" అని ఒకటి తీసిచ్చాడు. నా జీవితంలో కొత్త రకం పుస్తకం చేతిలోకి వచ్చింది అట్లా.

ఉగ్గానికి పొయ్యి మీద బొరుగులు కలుపుతున్నంతసేపు నాకు సమయమిచ్చారు. ఇంకా తగ్గని ఎండలో దయ్యాన్ని శ్మశానం నుంచి ఊళ్లోకి నడిపించాను.

"అంత దూరం నడిచొచ్చెనా? దానికి మోకాళ్లు నొయ్యవా?" అంది మోకాళ్ల నొప్పి ఖాలా. అందరూ నవ్వారు. దయ్యం అక్కడే చచ్చింది.

తర్వాత ప్రేమ నవల తెచ్చాను. హీరోయిన్ మేడమీదికి వచ్చే చోట నా చెవులు కాలిపోయాయి. అమ్మ, "సాకు, ఇంక చాలు, మూసెయ్యి" అంది. ఓడ ప్రయాణాల పుస్తకం తెచ్చాను. "చుట్టూ ఉప్పునీళ్లేనంటివి, మరి అన్నం దేంతో వండుకుంటారు రా?" అని అవ్వ అడిగింది. నాకు తెలియదు. మరుసటి రోజు పొద్దున్నే కూర్చుని జవాబు దొరికేదాకా చదివాను. పీపాల్లో మంచినీళ్లు మోసుకుపోతారని అవ్వకు చెప్పాను. "ఓహో" అని, "తమ్ముడు యాడికి పోయినాడు? పిలువు" అంది. ఒక గొప్పాయన జీవితకథ తెస్తే, ఆయన చిన్నప్పుడే చాలా మంచివాడని మొదటి పేజీలోనే ఉంది. ఖాలా ఆవలించింది. ఇంటివైద్యం పుస్తకం ఒక్కటే కాస్త నిలబడింది. మోకాళ్ల నొప్పి పేజీని ఆమె నాచేత మళ్లీ మళ్లీ చదివించుకుంది.

చుక్కల గురించిన పుస్తకం కూడా తెచ్చాను. అది ఎవరికీ చదవలేదు. సాయంత్రం పొద్దు గుంకాక మిద్దె మీద నిలబడి, పుస్తకంలో బొమ్మకూ ఆకాశానికీ పోల్చుకుంటూ ఉండిపోయాను. పోటీ సంగతి మరిచిపోయాను. ఈ రోజు నా అల్మారాల్లో ఉన్నవన్నీ ఆ సాయంత్రం నుంచే వచ్చాయని చెప్పుకోవచ్చు. కానీ కింద పడసాలలోంచి పకపకమని నవ్వులు వినిపించాయి. పురుగుల రాజుకు పెళ్లి చేస్తున్నాడు వాడు. చుక్కలన్నీ నా కళ్లముందే ఆరిపోయాయి.

బడులు తెరిచే రోజులొచ్చాయి. అవ్వ నాయనతో అంది: "వాన్ని బడికే పంపప్పా. పుస్తకం చూసి ఇంత చక్కగా చెప్పేటోడు మిషను కాడికి పోయేటోడు కాదు."

"అట్లనే కానీ" అన్నాడు నాయన.

వాడి చదువంతా ఆ పుస్తకం మీద నిలబడి ఉందని నాకు అర్థమైంది.

ఆ వారమే వాణ్ని అడిగాను. "నాకు కన్నడ చదవను నేర్పుతావా?" మా బడిలో కన్నడ ఉంది గానీ, బట్టీపట్టి గట్టెక్కడమే తప్ప నాకు సరిగా రాదు. వాడి మొహం వెలిగిపోయింది. నన్ను బజారుకు తీసుకుపోయి అంగళ్ల బోర్డులు చూపించాడు.

"ఇదో అన్నా, మనకి తలకట్టు టిక్కు మార్కు మాదిరి ఉంటాది గదా. వాళ్లది కొక్కెం పడుకున్నట్టు ఉంటాది. అంతే తేడా. మిగిలింది అన్నదమ్ములే."

మందుల అంగడి, పాత్రల అంగడి, సినిమా గోడకాగితం. కదిలిపోతున్న బస్సు నుదుటి మీద బండ్రి అని ఊరి పేరు రాసి ఉంటే, నేను మొదటి అక్షరం కూడబలుక్కునేలోపు వాడు చదివేసేవాడు. వాడు నాకన్నా వేగంగా, నాకన్నా బాగా చదివేవాడు. ఈ ముక్క గట్టిగా చెబుతున్నాను. మా ఇంట్లో ఇన్నేళ్లూ దీనికి తిరగబడ్డ మాటే చెల్లింది.

ఒక పొద్దున వాడు నీళ్లకు పోయినప్పుడు పేపరట్ట పుస్తకం తీశాను. కూడబలుక్కుని చదివాను. కథ లేదు. కరువూ లేదు, మంచె మీద ఆడమనిషీ లేదు. అది జొన్న సాగు పుస్తకం. విత్తనం, ఎరువు, పురుగుల బొమ్మలు, గింజలు దాచే పద్ధతి. క్షేత్రంలో పనిచేసేవాళ్లకు పంచిపెట్టింది. నాకు గాలిలో తేలినట్టయింది.

మధ్యాహ్నం వాడు మూట ఎక్కగానే వాడి చేతిలోంచి పుస్తకం లాక్కున్నాను.

"దీంట్లో కతే లేదు! వీడు చెప్పేదంతా అబద్ధం!"

"సుమ్నే ఉండప్పా, గమ్మున కూసో" అంది అవ్వ, కత్తెర ఆపకుండానే.

"కావాలంటే చదువుతా వినండి. పాతర గురించే ఉండాది."

వాడు మూట మీంచి దూకి నా చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, ఆ పేజీ వద్దన్నా. వేరేది చదువు. యాదైనా చదువు."

దొరికిపోతానని భయపడుతున్నాడనుకున్నాను. చెయ్యి విదిలించుకున్నాను. ఒక్కో మాటా కన్నడలో చదివి, తెలుగులో చెప్పాను. పాతర మూత తీసిన వెంటనే లోపలికి దిగరాదు. ఒక పూట గాలికి వదిలేయాలి. ముందు దీపం దింపి చూడాలి. దీపం ఆరిపోతే మనిషి దిగరాదు.

కత్తెర్లన్నీ ఆగిపోయాయి. నా కోసం మొదటిసారి ఆగాయి.

చిన్నమ్మ లేచి నిలబడింది. "ఇది మన దేవుని గూట్లో ఉన్నె పుస్తకం గదా?" అంది కొడుకుతో. "మీ నాయన తెచ్చి పెట్టినది. అప్పుడు గూడా ఇట్లనే రాసి ఉన్నెనా?"

వాడు తల వంచుకున్నాడు. ఆమె ఒళ్లో ప్యాంటు కింద పడింది. కత్తెర గోడ గూట్లో పెట్టి, లోపలి గదిలోకి పోయింది.

"కత అని మాకు తెలీదా రా?" అంది అవ్వ నాతో, చాలా మెల్లగా. "పురుగులకి రాజు ఉంటాడని ఏ పుస్తకంలో రాస్తారు? వాడు చెప్తాంటే మీ చిన్నమ్మ కత్తెర పడతాండె. మాకు అదే చాలు."

అప్పుడే నాయన బజారు నుంచి వచ్చాడు. ఆగిపోయిన కత్తెర్లు చూసి, "ఏంది?" అన్నాడు.

"వాడు పుస్తకం చదవలేదు నాయనా. అంతా సొంతంగా కల్పించినాడు."

"అంటే బడికి పోయి గూడా వానికి చదవను రాదా?"

అవ్వకు చదువు రాదు, అమ్మకు రాదు, ఖాలాకు రాదు. వాడికి చదవడం వచ్చునో రాదో చెప్పగలిగిన మనిషి ఆ గదిలో నేనొక్కణ్నే. వాడు నేర్పిన అక్షరాలతోనే వాణ్ని పట్టిచ్చాను. వచ్చు నాయనా, నాకన్నా బాగా వచ్చు. అంతే అనాల్సింది. అవ్వ నా వైపే చూస్తోంది. నేను మూట వైపు చూశాను. అది ఖాళీగా ఉంది.

నోరు తెరవలేదు.

వాడూ తెరవలేదు. ఎందుకో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. చదవడం వచ్చునని వాడు అంటే, లోపలి గదిలోంచి చిన్నమ్మ అడగబోయే ప్రశ్న ఒకటుంది. వస్తే, మీ నాయన దిగకముందు ఎందుకు చదివి చెప్పలేదని. పుస్తకం గూట్లో ఉన్నంతకాలం వాడు దాన్ని తెరవనే లేదు. తెరిచింది తండ్రి పోయాక. ఆ పేజీ చదివింది అప్పుడే. దాన్ని తల్లి చెవిన పడకుండా మూసిపెట్టడానికే అంత పెద్ద పురుగుల ఊరు కట్టాడు.

"సరేలే, మిషను కాడ పెడదాం" అన్నాడు నాయన.

బడులు తెరిచారు. నేను బడికి పోయాను, వాడు దారాల మూటలు మోయడానికి పోయాడు. అవ్వ ఎన్నోసార్లు పిలిచింది. "ఆ మనిషి ఏమైనాడో చెప్పి పో అప్పా." వాడు నవ్వి పక్కకు తప్పుకునేవాడు. మూట మళ్లీ నాదైంది. ఎక్కి చదివితే విన్నారు. చంపినవాడి పేరు చెప్పకుండా లేచినా ఎవరూ తిట్టలేదు. కొన్నాళ్లకు నేనే ఎక్కడం మానేశాను.

కానీ పుస్తకాలు మానలేదు. అంగట్లో ఒక రకం అయిపోతే ఇంకో రకం. కన్నడవి, తెలుగువి. వ్యవసాయం, వైద్యం, చరిత్ర, యాత్రలు, పిల్లల కథలు. ప్రతి కొత్త రకం పుస్తకం తెరిచేటప్పుడూ మొదటి పేజీల్లో ఒకామె మంచె మీద నిలబడి ఉంటుందేమోనని చూసేవాణ్ని. అది ఏ పుస్తకంలోనూ ఉండదని రుజువు చేసింది నేనే అయినా చూసేవాణ్ని. నన్ను అడిగిన పాపకు ఆ రోజు మైకులో చెప్పాల్సిన జవాబు ఇది.

అవ్వ పోయింది, ఖాలా పోయింది. చిన్నమ్మ ఆఖరిదాకా కొడుకు దగ్గరే ఉంది. చుట్టాల్లో ఈనాటికీ అదే మాట. "ఆ పిల్లోనికి చదువు అబ్బలేదు. ఆ ఇంట్లో చదివినోడు వీడొక్కడే." ఆ మాట తప్పు. ఆ తప్పు నాది.

ఆ రోజు సభ అయ్యాక ఉగ్గాని, బజ్జీలు పంచారు. ప్లేటు పట్టుకుని తమ్ముడి దగ్గరికి పోయాను. చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. చివరికి ఒక్కటే బయటికి వచ్చింది.

"ఆ మనిషి... పైకొచ్చినాడా?"

బజ్జీ తుంచుతున్న వాడి వేళ్లు ఆగాయి. కొత్త అల్మారాల వైపు, వాటిలో వరసగా నిలబెట్టిన నా పుస్తకాల వైపు చూశాడు.

"ఇంగా రాలేదన్నా" అన్నాడు. "పొద్దుండాది లే."

తన ప్లేటులోని పెద్ద బజ్జీ తీసి నా ప్లేటులో పెట్టాడు.